ప్రశ్నలు అచ్చుకాని పేజీ

మేడమ్‌ను మొదటిసారి కలవడానికి నల్లగొండలో బస్సెక్కి దేవరకొండ మీదుగా మహబూబ్‌నగర్ పోయిన నాటికి తెలంగాణ రాష్ట్రం వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. అప్పుడు నేను నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ని. పీహెచ్‌డీలో సీటు వచ్చింది, గైడ్ కావాలి. నా ఫైల్లో ఆమె రాసిన ఒక వ్యాసం జిరాక్సు ఉంది. ఎమ్మే చదివేటప్పుడు లైబ్రరీలో దొరికిన ఆ వ్యాసాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. అది రాసిన ప్రొఫెసరు మన పక్క జిల్లాలోనే ఉందని తెలిసి నాకు నిద్ర పట్టలేదు.

రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో కిరాయి ఇల్లు. ముందు గదిలో సోఫా లేదు. గోడ పొడుగునా నాలుగు ట్రంకు పెట్టెలు, ఒక పెద్ద బల్ల, దాని మీద భూతద్దం. యాభై అయిదేళ్ల మనిషి, నూలు చీర కట్టుకుని, బల్ల ముందు నుంచి లేవకుండానే నన్ను కూర్చోమంది. దారంతా నేను గొప్ప గొప్ప సిద్ధాంతాల పేర్లు వల్లె వేసుకుంటూ వచ్చాను. ఆమె అవేవీ అడగలేదు.

"మీ ఇంట్ల పేపర్ ఎవలు సదువుతరు?" అంది.

"మా బాపు సదువుతడు మేడమ్."

"ఏం చేస్తడు?"

"మగ్గం నేస్తడు. ఆలేరు దిక్కు మాది."

"పేపర్ రాంగనే ఏ పేజీ ముందుగాల తీస్తడు?"

నేను ఆలోచించాల్సి వచ్చింది. మధ్యాహ్నం అన్నానికి ముందు బాపు మగ్గం గుంట అంచున కూర్చుని, కాళ్లు లోపలే ఉంచి పేపరు చదువుతాడు. "జిల్లా పేజీ మేడమ్. ఎవలు సచ్చిపోయిండ్రో సూస్తడు. దాని తర్వాత వానలు. పెద్ద అక్షరాల వార్త ఆఖరికి సదువుతడు" అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. "గదీ! పేపర్ల ఏం అచ్చయిందో చెప్పెటోళ్లు మస్తుమంది ఉన్నరు బిడ్డా. సదివినోళ్లు ఎట్ల సదివిన్రో చెప్పెటోళ్లే తక్కువ. నువ్వు రా, పని చేద్దాం."

అంతే, నా ఇంటర్వ్యూ అయిపోయింది.

ఆమె పని విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు పత్రికల మీద. ఆ కాలంలో అక్కడ వందల పత్రికలు పుట్టి, వందలు చచ్చాయి. దినపత్రికలు, వారపత్రికలు, ఒక్క పెన్నీకి వచ్చే ఇంటిపత్రికలు. వయసులో ఉన్నప్పుడు ఆమె ఒక ఫెలోషిప్ మీద ఎనిమిది నెలలు లండన్‌లో ఉండి, చూడదగ్గ ఊళ్లు ఏవీ చూడకుండా ఒక గ్రంథాలయంలో కూర్చుని ఆ పత్రికల పేజీలకు కాపీలు తీయించుకుంది. నాలుగు ట్రంకు పెట్టెల్లో ఉన్నవి అవే.

పాలమూరులో కూర్చుని లండన్ పత్రికలేమిటని అడగని వాళ్లు లేరు. మా స్టాఫ్‌రూములో నన్ను కూడా అడిగేవాళ్లు. నాకు జవాబు తెలిసేది కాదు. ఆమెకు మాత్రం తెలుసు. "ఆళ్లు మన ఊర్లకొచ్చి మన ముచ్చట్లన్ని రాసుకపోయిన్రు. మనం ఆళ్ల ముచ్చట్లు సదువుతె తప్పా?" అనేది. ఇంగ్లీషులో పత్రం చదివితే ఒక్క మాట జారేది కాదు, తెలుగులోకి దిగితే అచ్చం ఆమె సొంతూరు ఆత్మకూరు మాటే. వాళ్లది కృష్ణా నదికి దగ్గర్లో వ్యవసాయం చేసే కుటుంబం. ఒక సెమినారులో వేరే ప్రాంతం నుంచి వచ్చిన పెద్దాయన, మీ తెలుగు కాస్త మోటుగా ఉంటుందండీ అన్నాడు నవ్వుతూ. ఆమె కూడా నవ్వి, "మోటుగ లేదు సార్, మా అమ్మ లెక్కుంటది" అంది. ఆ రోజు నుంచి నేను కూడా క్లాసు బయట నా మాట దాచుకోవడం మానేశాను.

ఇక ఆ వ్యాసం సంగతి చెప్పాలి. ఆ పెన్నీ పత్రికల్లో పాఠకుల ఉత్తరాలకు సంపాదకుడు జవాబులిచ్చే పేజీ ఒకటి ఉండేది. ప్రశ్నలు అచ్చు వేస్తే జాగా చాలదని జవాబులే వేసేవాళ్లు. అడిగిన వాళ్ల మారుపేరు, దాని పక్కన జవాబు. చదివేవాళ్లు ప్రశ్నను ఊహించుకోవలసిందే. అది పెళ్లికి అడ్డం కాదు గానీ ముందు మీ అన్నకు చెప్పండి అని ఒకరికి. జుట్టు రాలడానికీ నీళ్లకూ సంబంధం లేదు అని ఇంకొకరికి. ఒక వారపత్రికలో ఒకే మారుపేరుకు నాలుగేళ్లలో ఇరవై మూడు జవాబులు రావడం మేడమ్ గమనించింది. ఆ మారుపేరుకు అర్థం నేతపని చేసే ఆడమనిషి అని. మేడమ్ ఆ ఇరవై మూడింటినీ వరుసలో పెట్టి, ఉత్తర ఇంగ్లండులో ఒక మిల్లు ఊళ్లో బతికిన ఒకామె కథను బయటికి తీసింది. భర్తకు దగ్గు. బడికి పోవాల్సిన బిడ్డ. ముప్పై దాటాక తనకూ అక్షరాలు నేర్చుకోవాలని ఆశ. దానికి సంపాదకుడు ఇచ్చిన జవాబు నాకు కంఠస్థం. పళ్లెంలో పిండి పలచగా పరిచి వేలితో రాయండి, తప్పు పడితే అరచేత్తో చెరిపేయొచ్చు, ఎవరికీ కనపడదు, సిగ్గుపడాల్సిందేమీ లేదు అని.

ఆ వాక్యం దగ్గర నాకు మా అవ్వ గుర్తొచ్చేది. అవ్వ జీవితమంతా మగ్గానికి నూలు కండెలు చుట్టింది. వేలిముద్రే వేసింది. ఆమెకు కూడా ఉత్తరం రాయడానికి ఎవరన్నా ఉండి ఉంటే ఏం అడిగేదో అనుకునేదాన్ని. ఒక విదేశీ జర్నల్లో అచ్చయిన ఆ వ్యాసంతోనే మేడమ్‌కు పేరొచ్చింది. ఆ వ్యాసంతోనే నా థీసిస్ మొదలైంది.

రెండు వారాలకొకసారి శనివారం పొద్దున మహబూబ్‌నగర్ పోయేదాన్ని. మొదట్లో నేను తెలివి చూపించాలని, స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టిన పత్రికల్లో నాకు కావాల్సిన మాటలు టైపు చేసి వెతికి, దొరికిన ముక్కలు ప్రింటు తీసుకుపోయాను. మేడమ్ వాటిని చూసి పక్కన పెట్టింది.

"మిషన్ సదివింది సదువు గాదు. దానికి పాత అచ్చు సక్కగ కనవడదు, 'సి'ని 'ఈ' అనుకుంటది, మరకను అక్షరం అనుకుంటది. నువ్వు ఒక్క ఏడాది పత్రిక మొదటి నుంచి ఆఖరి దాక సదువు. సబ్బు ప్రకటనలతో సహా."

చదివాను. మొదటి రెండు నెలలు ఏడుపొచ్చింది. సబ్బులు, గోలీలు, జుట్టునూనెలు, వంటలు, వారం వారం సాగే నవల. మూడో నెలకు ఏదో మారింది. ఆ ప్రకటనలు ఆలేరు బజారులో దుకాణాల్లాగా అలవాటయ్యాయి. ఎవరు ఎప్పుడు దుకాణం మూసేశారో, ఎవరు కొత్త బోర్డు పెట్టారో తెలియసాగింది. మేడమ్ కుడికంట్లో శుక్లం ముదురుతుండేది. పేజీకి పది అంగుళాల దూరంలో ముఖం పెట్టి, భూతద్దంతో వరుస వెంట వరుస పోయేది. నోట్సు పెళ్లిపత్రికల మీద రాసేది. ఇంటికొచ్చే ప్రతి శుభలేఖనూ కత్తిరించి, ఖాళీగా ఉన్న వైపు వాడేది. ఆమె కార్డులు తిప్పితే వెనక సగం గణపతులు, సగం అరటిచెట్లు. అలాంటి కార్డులు కొన్ని వేలు ఉండేవి, ఏది ఎక్కడుందో చూడకుండానే తీసేది. అన్నేళ్లలో ఆమె ఒక్క పేజీ దాటవేయడం నేను చూడలేదు.

ఒకసారి ఆమె మా ఇంటికి వచ్చింది. బాపు నేస్తుంటే మగ్గం పక్కన కింద కూర్చుని గంటసేపు చూసింది. నేను అప్పటికే ఇంట్లో ఆ ఇంగ్లండు ఆమె గురించి చెప్పి చెప్పి ఉన్నాను. బాపు ఆమెకు 'మగ్గపామె' అని పేరు పెట్టుకున్నాడు.

"మేడమ్, గా మగ్గపామెది చేతి మగ్గమా, మిల్లు మగ్గమా?" అని అడిగాడు.

"మిల్లు మగ్గం అన్నా. ఆవిరితోని నడిచేది."

"అట్లయితె పోగు తెగితె ఆమెకు ఇనవడదు. గన్ని మగ్గాల సప్పుడుల ఏం ఇనవడ్తది? కండ్లతోనే కనిపెట్టాలె."

మేడమ్ చప్పున సంచిలోంచి ఒక శుభలేఖ ముక్క తీసి ఆ మాట రాసుకుంది. ఆ తర్వాత బాపు ఫోను చేసినప్పుడల్లా నా ఆరోగ్యం కంటే ముందు మగ్గపామె సంగతి అడిగేవాడు. మొగనికి దగ్గు తగ్గిందా అని. ఆ సంగతి పత్రికలో రాలేదు బాపు అంటే, అయ్యో అనేవాడు.

కరోనా వచ్చింది. కాలేజీ మూసేశారు. నల్లగొండలో గది వదిలేసి ల్యాప్‌టాపు తీసుకుని ఊరికి వచ్చేశాను. నూలు రావడం ఆగిపోయింది. నేసిన చీరలు కొనేవాళ్లు లేక గూట్లో పేర్చి ఉన్నాయి. నాకు తెలిసినంతలో బాపు పనిలేక కూర్చోవడం అదే మొదటిసారి. మగ్గం గదిలో కిటికీ దగ్గర మాత్రమే ఫోనుకు సిగ్నల్ అందేది. అక్కడే చాప వేసుకుని కూర్చునేదాన్ని. థీసిస్‌లో అయిదు అధ్యాయాలు అయ్యాయి, ఒకటే మిగిలింది. ఆ ఒక్కదాని కోసం, మా వారపత్రిక కంటే పన్నెండేళ్లు పాతదైన ఒక మాసపత్రికను ప్రకటనల కోసమని పేజీ పేజీ చదువుతున్నాను.

ఒక మధ్యాహ్నం అందులో పిండి పరిచిన పళ్లెం కనపడింది.

వేలితో రాయమని, అరచేత్తో చెరిపేయమని, ఎవరికీ కనపడదని, సిగ్గుపడాల్సిందేమీ లేదని. అక్షరం పొల్లు పోకుండా అదే జవాబు. పైన పేరు మాత్రం నావికుడి భార్య అని ఉంది.

ల్యాప్‌టాపు మూసేసి బయటికి పోయి వాకిట్లో నిలబడ్డాను. ఏదో ఒకటి కలిసి ఉంటుందిలే అనుకున్నాను. మళ్లీ లోపలికొచ్చి తెరిచాను. ఆ రోజు నుంచి రెండు నెలలు నేను ఇంకో పని చేయలేదు. పాత పత్రికలు మూడింటిని మిషన్‌ను నమ్మకుండా కళ్లతో వెతికాను. మగ్గపామెకు వచ్చిన ఇరవై మూడు జవాబుల్లో పదకొండు వాటిలో దొరికాయి. ఒక్కోటి ఒక్కొక్కరికి రాసింది. ఒకటి సిపాయి విధవకు, ఒకటి ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పే అమ్మాయికి. దగ్గు జవాబు అసలు భార్యకు రాసిందే కాదు. దగ్గుతున్న ఒక బడిపంతులుకు రాసింది. సంపాదకుడెవరో పాత పత్రికల్లోంచి జవాబులు కత్తెరతో కోసి, పేరు మార్చి, తన పత్రికలో అతికించుకున్నాడు. ఆ కాలంలో పత్రికలు ఒకదాని వార్తలు ఒకటి ఎత్తుకునేవని మాకు తెలుసు. సొంత ఉత్తరాలకు జవాబులు కూడా ఎత్తుకుంటారని మాకు తోచలేదు.

నా థీసిస్‌లో మూడో అధ్యాయం మొత్తం ఆమె మీదే నిలబడి ఉంది. ఆరు నెలల్లో సమర్పించాలి. డిగ్రీ వస్తే పర్మనెంటు పోస్టుకు దారి దొరుకుతుంది. ఆ మాసపత్రికను ఇంకెవరు చదువుతారు? నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే, ఈ ఆలోచన నాకు ఒక పూట కాదు, చాలా రోజులు వచ్చింది. దానికంటే పెద్ద భయం మేడమ్ గురించి. మరుసటి ఏడు ఆమె రిటైరవుతుంది. ఆమె గౌరవార్థం సెమినారు పెట్టి, ఆ పాత వ్యాసాన్ని ఒక సంకలనంలో మళ్లీ అచ్చు వేయాలని అప్పటికే అనుకున్నారు.

మొదట బాపుకు చెప్పాను. ఖాళీ మగ్గం మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"అంటె మగ్గపామె లేదా?"

"ఉన్నదో లేదో తెల్వదు బాపు. గీ జవాబులు మాత్రం ఆమెకు రాసినయి గావు."

"మేడమ్‌కు చెప్పినవా?"

"లేదు. ఆమెకు పేరు దాంతోనే వచ్చింది. ఎట్ల చెప్పాలె?"

"ఇంకెవలన్న చెప్తె ఆమెకు బాధయితది బిడ్డా. నువ్వు చెప్తె పనయితది. పోయి చెప్పు" అన్నాడు.

బస్సులు మళ్లీ మొదలయ్యాక పోయాను. మాస్కు వేసుకుని, ప్రింటు తీసిన రెండు కాగితాలు ఫైల్లో పెట్టుకుని. ఫోనులో చెప్పే ధైర్యం లేకపోయింది. ఆమె తలుపు తీసి, నా ముఖం చూసి, మీ ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగింది. బాగున్నారని చెప్పి రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

మొదటిది చదివింది. రెండోది చదివింది. మళ్లీ మొదటిదానికి వచ్చింది. భూతద్దం తీసుకుని ఎడమచేతి వేలు ఒక కాగితం మీద, కుడిచేతిలో అద్దం ఇంకో కాగితం మీద పెట్టి, వరుస వెంట వరుస జరుపుకుంటూ పోయింది. లోపల కుక్కరు కూతలు వేస్తోంది. ఆమెకు వినపడలేదు. నేనే లేచి పోయి స్టవ్వు ఆపి వచ్చాను. నేను వచ్చేసరికి తల ఎత్తింది.

"ఒక్క కామా గూడ మార్చలే, సోమరిపోతు" అంది. నూట యాభై ఏళ్ల కింద చనిపోయిన ఆ సంపాదకుణ్ని. "ఇంకెన్ని దొరికినయి?"

"ఇది గాక ఇంకో పది, మేడమ్. మొత్తం పదకొండు."

"మొదటిది దొరికి ఎన్ని దినాలాయె?"

"రెండు నెలలు."

"రెండు నెలల సంది ఒక్కదానివే మోసినవా?"

నాకు ఏడుపు ఆగలేదు. క్షమించండి మేడమ్ అన్నాను. "ఎందుకు? పేజీ మొత్తం సదువుమని చెప్పింది నేనే గద. నువ్వు సదివినవ్. నేను గా పాత పత్రిక సదవలే. గంతే ముచ్చట" అంది. లేచి మొదటి ట్రంకు పెట్టె మూత తెరిచింది. "పా, ఏడిస్తె ఎనకకు ఏడుద్దాం. ముందుగాల మిగిలిన పన్నెండు యాడియో సూద్దాం."

మూడు రోజులు వాళ్లింట్లోనే ఉన్నాను. నాలుగు పెట్టెలూ ఖాళీ చేసి, ఆమె వేరే పనులకని తెచ్చుకుని ఈ జవాబులతో ఎన్నడూ పోల్చి చూడని కాపీలతో సహా గది నిండా కాగితాలు పరిచాం. తన వ్యాసాన్ని కూల్చే కాగితాల కోసం ఆమె వెతుకుతున్న తీరు చూస్తే, ఎవరిదో పోగొట్టుకున్న వస్తువు వెతికిపెడుతున్నట్టుంది. ఒకటి దొరికినప్పుడల్లా "ఇగో, ఇంకొకటి!" అని నన్ను పిలిచేది. ఆ గొంతులో ఉత్సాహమే ఉండేది. ఎనిమిది దొరికాయి. నాలుగింటికి మాత్రం ఎక్కడా జోడీ కనపడలేదు.

మూడో రోజు సాయంత్రం ఆమె బయట మెట్ల మీద కూర్చుంది. నేను చాయ్ తెచ్చి ఇచ్చాను.

"ఇరవై ఏడేండ్లు సాదిన, బిడ్డా, గామెను. ఎన్నడన్న జర దగ్గొస్తె, గామె మొగనికి తగ్గిందో లేదో అనుకునేదాన్ని" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. అంతకుమించి ఆమె ఆ విషయంలో బాధపడటం నేను చూడలేదు.

ఆ వారమే జర్నల్‌కు ఉత్తరం రాసింది. చిత్తుప్రతి నాకు చూపించింది. మొదటి వాక్యంలోనే తన వ్యాసం తప్పని, రెండో వాక్యంలో దాన్ని కనిపెట్టింది నేనని రాసింది. నేను బతిమాలాను. రిటైర్మెంటు కానివ్వండి మేడమ్, సెమినారు అయిపోనివ్వండి, ఆ తర్వాత పంపుదాం అన్నాను.

"నాకు పేరు తప్పుతోని వచ్చింది, తెల్వక వచ్చింది. ఇప్పుడు తెలిసినంక గూడ సప్పుడు చెయ్యకుంటె గది అబద్ధమైతది. నీకు గా పట్టా అబద్ధంతోని రావాల్నా?" అంది. ఉత్తరం ఆ రోజే పోయింది.

సెమినారు మరుసటి ఏడు మహబూబ్‌నగర్‌లోనే జరిగింది. హైదరాబాదు నుంచి, ఇంకా దూరం నుంచి వచ్చారు. మేడమ్ ఆ పాత వ్యాసం గురించి మాట్లాడుతుందని ఆహ్వాన కార్డులో అచ్చు వేశారు. ఆమె మైకు ముందుకు పోయి, ఇంగ్లీషులో, ఈ వ్యాసం తప్పు అని మొదలుపెట్టింది. తర్వాత నలభై నిమిషాలు తెర మీద ఒక్కో జోడీ చూపించింది. ఎడమ వైపు పాత పత్రిక, కుడి వైపు మగ్గపామె. ఎక్కడా చిన్న పొరపాటు అనలేదు, ఆ రోజుల్లో సౌకర్యాలు లేవనీ అనలేదు. చివరికి నన్ను వేదిక మీదికి పిలిచి, మిగతాది ఈమె చెప్తుంది అని తాను కిందికి వచ్చి కూర్చుంది. ముందు వరుసలో ఆమె తల ఊపుతుంటే చూస్తూ చెప్పగలిగాను.

ప్రశ్నల సమయంలో ఒక సీనియర్ ప్రొఫెసరు లేచాడు. "ఇన్నేళ్లుగా మేం దీన్ని క్లాసుల్లో చెప్పాం మేడమ్. ఇప్పుడు పిల్లలకేం చెప్పమంటారు?" అన్నాడు. గొంతులో కొంచెం ఎత్తిపొడుపు ఉంది.

"నేను తప్పు చేసిన్నని చెప్పండి సార్. ఎట్ల తప్పయిందో గూడ చెప్పండి. పిల్లలకు గదే ఎక్కువ పనికొస్తది" అంది ఆమె.

చప్పట్లు ఏమీ మోగలేదు. చాలామంది ఏం చేయాలో తోచక భోజనాలకు లేచారు. ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడ్డప్పుడు నా ముందు ఇద్దరు, ఇంత అనుభవం ఉండి ఒక పాత పత్రిక చూడలేదట అని మాట్లాడుకుంటున్నారు. మేడమ్ నా వెనకే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె ముందుకు వంగి, "నిజమే సార్, సూడలే" అని చెప్పి, పెరుగు గిన్నె వాళ్లకు అందించింది. వాళ్లు ముఖాలు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తినడం మొదలుపెట్టారు. సంకలనం వాళ్లు ఆ తర్వాత ఆమె వ్యాసం లేకుండానే పుస్తకం వేశారు. ఆమె దాని గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

నా థీసిస్‌కు ఇంకో ఏడాది పట్టింది. మూడో అధ్యాయం తీసి పారేసి మళ్లీ రాశాను. పాత జవాబుల్లో నావికుడి భార్య, సిపాయి విధవ ఎందుకు మగ్గపామె అయ్యారన్నది కొత్త ప్రశ్న. ఆ వారపత్రిక సరిగ్గా ఆ ఏళ్లలోనే మిల్లు ఊళ్లలో అమ్ముడుపోవాలని తంటాలు పడుతోందని దాని ప్రకటనలు చదివితే తెలిసింది. అంటే ఆమె నిజంగా రాసిందో లేదో గానీ, ఆమెలాంటి వాళ్లు చదవాలని ఒక సంపాదకుడు కోరుకోవడం మాత్రం నిజం. ఈ మాట నేను కొంచెం గట్టిగా రాసినప్పుడల్లా మేడమ్ పెన్సిలుతో 'ఉండవచ్చు' అని చేర్చేది. "మల్ల ఇంకొక మగ్గపామెను పుట్టియ్యకు" అనేది. జోడీ దొరకని నాలుగు జవాబుల గురించి, దొరకలేదు అని మాత్రమే రాయించింది.

వైవాకు బాపు వచ్చాడు. ఉతికిన తెల్ల ధోవతి కట్టుకుని వెనక వరుసలో కూర్చుని, ఒక్క ఇంగ్లీషు ముక్క అర్థం కాకపోయినా గంటన్నర కదలకుండా విన్నాడు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఎక్కువ ప్రశ్నలు అడిగింది ఆ కొత్త మూడో అధ్యాయం మీదే. అయిపోయాక అందరూ నాకు చేతులు కలుపుతుంటే బాపు నేరుగా మేడమ్ దగ్గరికి పోయాడు.

"మేడమ్, ఆమె ఉన్నట్టా లేనట్టా తేలిందా మరి?"

"తేలలేదన్నా. నాలుగు జవాబులు మిగిలినయి. గవి ఆమెయి కావొచ్చు, కాకపోవచ్చు."

"నాలుగు సాలు" అన్నాడు బాపు తృప్తిగా.

మేడమ్ రిటైరయ్యాక కిరాయి ఇల్లు ఖాళీ చేసి, ట్రంకు పెట్టెలతో సహా ఆత్మకూరులో తమ్ముడి ఇంటికి పోయింది. కంటి ఆపరేషన్ చేయించుకుంది. నేను ఇప్పుడు పర్మనెంటు లెక్చరర్ని. నా విద్యార్థులు నోట్సు కోసం మిషన్‌లో వెతికిన ముక్కలు తెచ్చినప్పుడు, నా నోట్లోంచి మేడమ్ మాటలే వస్తాయి. ఆమెకు ఉన్నంత ఓపిక మాత్రం నాకు రాలేదు. నా తప్పు ఎవరైనా చూపిస్తే మొదట నాకు కోపం వస్తుంది, ఆమె గుర్తొస్తుంది, ఆ తర్వాతే సిగ్గు వస్తుంది. అంతవరకే నేను నేర్చుకోగలిగాను.

ఆమె పంపిన దిద్దుబాటును జర్నల్ వాళ్లు చాలా ఆలస్యంగా అచ్చు వేశారు. ఆ సంచిక నా అడ్రసుకు వచ్చింది. తీసుకుని ఆత్మకూరు పోయాను. సంచిక చివర్లో, పుస్తక సమీక్షల తర్వాత, అర పేజీ కూడా లేదు. మేడమ్ వాకిట్లో వేరుశనగకాయ ఎండబోస్తోంది. చేతులు దులుపుకుని, నిలబడే ఒకసారి చదివింది. నా పేరు దగ్గర వేలు ఆపి, అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకుంది. పుస్తకం మూసి నా చేతికిచ్చింది.

"మంచిగనే ఏసిన్రు" అంది. "రొట్టె తింటవా, అన్నం తింటవా?"

రొట్టెనే తింటానన్నాను. లోపల ఆమె మరదలు జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇద్దరం కాళ్లు కడుక్కుని లోపలికి పోయాం.